గడగడ చదివినవాడే చదువరియా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలవారికి దివాను వెంకన్న కథ క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇతర సీమల పాఠకుల కొరకు క్లుప్తంగా చెబుతాను. వెంకన్న దిక్కులేని బ్రాహ్మణ బాలుడు. పశువులు కాచుకొని పొట్ట పోసికొనేవాడు. ఒకనాడు రాఘవేంద్రస్వామి దర్శనమైనది. ఆపద కలిగినప్పుడు తన్ను తలచుకొమ్మని స్వామి ఆశీర్వదించి పోయినారు. కొంతకాలానికి ఆదోని ఏలికయైన సిద్ది మసూద్ ఖాన్ ఆ దారిన పోతూండగా ఎవరో వచ్చి ఒక లేఖను అందించినారు. చదివి చెప్పగలవారు దగ్గర లేరు. ఎదుట కనబడిన వెంకన్నను పిలిచి నవాబు చదువుమన్నాడు. తనకు అక్షరము రాదని బాలుడు ఎంత మొరపెట్టుకొన్నా ఆయన నమ్మలేదు. బ్రాహ్మణుని కొడుకుకు చదువు రాకపోవడమేమిటి, ఇది ధిక్కారము కాక మరేమిటని కన్నెర్ర చేసినాడు. వెంకన్న స్వామిని తలచుకొన్నాడు. లేఖలోని విషయమంతా అతనికి తేటతెల్లమైనది. అది శుభవార్త కావడంతో నవాబు సంతోషించి, కాలక్రమాన అతనినే దివానుగా చేసికొన్నాడు. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామము స్వామికి ఈ నవాబు కాలముననే లభించినదనీ, 1671లో స్వామి అక్కడనే బృందావన ప్రవేశము చేసినారనీ మనకు తెలిసినదే. అదే నేటి మంత్రాలయము.

ఇందులోని మహిమ భక్తుల విశ్వాసమునకు సంబంధించినది. దానిని తర్కించడము ఈ వ్యాసము పని కాదు. నవాబు పడిన భ్రమ మాత్రము మన పని. పుట్టుకను చూచి, వీడు చదువగలడని ఆయన నిశ్చయించుకొన్నాడు. మూడు వందల ఏండ్లు దాటినా ఆ భ్రమ మన పాఠశాలలను విడువలేదు. తిరగబడి మాత్రము ఉన్నది. గొర్రెల కాపరి కొడుకు, మగ్గము వాని కూతురు, రాళ్లు కొట్టేవాని మనుమడు ముందు బల్లమీద కూర్చున్నా, వీరికి చదువు అబ్బదని లోలోపల అనుకొనే పెద్దలు లేకపోలేదు.

మాట వేరు, చదువు వేరు. పసిపిల్లవాడు తల్లి ఒడిలోనే మాట నేర్చుకొంటాడు. ఎవ్వరూ పలక పట్టి నేర్పరు. వ్రాత అటువంటిది కాదు. అది పుట్టి సుమారు అయిదువేల ఏండ్లు మాత్రమే అయినది. ఆ కొద్ది కాలములో ఏ కులమువారి మెదడులోనూ దానికి ప్రత్యేకముగా ఒక గది ఏర్పడలేదు. చూపునకూ మాటకూ ఉన్న భాగాలనే అభ్యాసముచేత కలుపుకొని ప్రతి పిల్లవాడూ చదువరి కావలసినదే. వెంకన్నకు లభించినట్లు క్షణములో లభించే అదృష్టము తక్కినవారికి లేదు. వారికి ఉపాధ్యాయుడే దిక్కు.

ఇక రెండవ భ్రమ. అన్నిటికంటె బలమైనది ఇదే. “మావోడు గడగడా సదువుతాడు సార్” అని తండ్రి మురిసిపోతాడు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా పిల్లవానిని నిలబెట్టి ఒక పేజీ చదివించి, తడబడకుంటే మెచ్చుకొని పోతాడు. చదివినదేమిటో అడిగేవారు తక్కువ. మన ప్రాచీనులు ఈ విషయములో మనకంటె కఠినులు. పాణినీయ శిక్షలో ఆరుగురు అధమ పాఠకులు చెప్పబడినారు. రాగము తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, వ్రాసినదానిని చూచి చదివేవాడు, అర్థము తెలియనివాడు, గొంతు చాలనివాడు. (చూచి చదవడము కూడా దోషమే అన్నారు! వేదమును కంఠస్థము చేసిన కాలము గనుక ఆ మాట చెల్లినది. నేటి బడిలో దానిని పట్టుకొంటే వాచకాలు అచ్చువేసేవారి నోట మట్టే.) కాని తొందరపాటునూ, అర్థజ్ఞానము లేకపోవడమునూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినందుకు వారికి నమస్కరించవలె. అర్థము తెలియక వేదము వల్లించేవానిని, బరువు మోసే మొద్దుతో పోల్చినవాడు నిరుక్తకారుడు యాస్కుడు.

ఈ తేడా మన గ్రామాలలో నిరక్షరాస్యులకు కూడా తెలిసినదే. పురాణ కాలక్షేపములో చదివేవారు ఒకరు, అర్థము చెప్పేవారు మరొకరు. ఆదోనికి పడమట కన్నడ దేశములో గమకి పద్యము చదువుతాడు, వ్యాఖ్యాత వివరిస్తాడు. గొంతు ఒక పని, తెలివి మరొక పని అని గుర్తించి పంచిపెట్టినారన్నమాట. అరుగు క్రింద కూర్చొన్న రైతుకు ఒక్క అక్షరము రాదు; అయినా కథలో ధర్మరాజు ఎక్కడ తప్పినాడో ఎత్తి చూపగలడు. బడిలో పిల్లవానికి అక్షరాలన్నీ వచ్చును. కథ మాత్రము పట్టుబడదు. చదువు అనేది ఈ రెండూ కలిసినప్పుడే పుట్టుతుంది. 1986లో గఫ్, టన్మర్ అనే పండితులు ఈ సంగతినే ఒక చిన్న లెక్కగా వ్రాసినారు. అక్షరాలను మాటలుగా మార్చే శక్తిని, విన్న మాటను గ్రహించే శక్తితో హెచ్చవేస్తే వచ్చేది చదువు. కూడిక కాదు, గుణకారము. లెక్కల ఉపాధ్యాయులకు వేరే చెప్పవలెనా? రెండింటిలో ఏది సున్న అయినా ఫలము సున్న.

ఈ లెక్క పశ్చిమ కర్నూలులో పుస్తకాల లెక్క కాదు. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చినవి. గీత మారినది గాని ఇళ్లలోని మాట మారలేదు. ఇంట కన్నడము, వీధిలో ఉర్దూ, బడిలో తెలుగు. ఇటీవల దానిమీద ఇంగ్లీషు. కన్నడ లిపికీ తెలుగు లిపికీ ఉన్న చుట్టరికముచేత ఇట్టి పిల్లవాడు మన అక్షరాలను చులకనగా పట్టుకొంటాడు. గుణింతము తప్పడు, ఒత్తు విడువడు. వినేవారికి ముచ్చటగా ఉంటుంది. “వాగు పొంగి పొర్లినది” అని స్పష్టముగా చదివి, పొర్లడమంటే ఏమిటని అడిగితే నేల చూపులు చూస్తాడు. వాని తెలివికి లోపము లేదు. వానికి కావలసినది మరికొంత తెలుగు మాట, చదవడానికి ముందు నాలుగు నిమిషాల సంభాషణ. కంఠము చూచి మోసపోయిన ఉపాధ్యాయుడు ఆ నాలుగు నిమిషాలు ఇవ్వడు. పై తరగతిలో సాంఘికశాస్త్రము చేతికి వచ్చినప్పుడు గాని ఆ లోటు బయటపడదు. అప్పటికి వానికి మొద్దు అని పేరు వచ్చి ఉంటుంది.

దీనికి ఎదురు వైపు నుంచి కూడా ఒక విషయము చెప్పవలె. తడబడుతూ చదివేవాడు అన్ని వేళలా చెడ్డ చదువరి కాడు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 64 మంది విద్యార్థులకు బేస్‌బాల్ ఆటను వర్ణించే ఒక పాఠమిచ్చి, అందులో జరిగినదానిని నమూనా మైదానముమీద బొమ్మలతో చూపుమన్నారు. చదువు పరీక్షలలో వెనుకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నా ఆట తెలియనివారికంటె ఎంతో చక్కగా చూపినారు. విషయజ్ఞానము చదువులో సగము పని చేసిపెట్టినది. ఆదోనిలో పత్తిని గురించి పాఠము పెట్టి చూడండి. విత్తనము నాటడము మొదలు కాయ పగలడము, పత్తి ఏరడము, మార్కెట్ యార్డులో వేలము, జిన్నింగు మిల్లులో గింజ విడదీయడము, బేళ్లు కట్టడము ఇవన్నీ కళ్లారా చూచిన పిల్లవాడు ఒక్కొక్క మాట కూడబలుక్కొని అయినా విషయము పట్టుకొంటాడు. పట్టుకొని, పుస్తకము వ్రాసినవానికి తెలియనిదొకటి చెప్పగలడు. అదే పిల్లవానికి సముద్రములో ఓడ ప్రయాణమును గురించి ఇచ్చి, సరిగా చెప్పలేదని సున్న వేస్తాము. ఆ సున్న ఎవరికి చెందవలెనో ఉపాధ్యాయ మిత్రులే ఆలోచించవలె.

వేగమును గురించి ఎక్కువ వ్రాయనక్కరలేదు. 1959లో అమెరికాలో ఎవెలిన్ వుడ్ వేగపఠనమునకు ఒక సంస్థ స్థాపించినప్పటినుండి పేజీని ఒక చూపుతో మింగవచ్చుననే ఆశ లోకములో వ్యాపించినది. కంటి నడకను పరీక్షించిన కీత్ రేనర్ ప్రభృతులు 2016లో ఆ వాదములన్నిటినీ పరిశీలించి, వేగము పెరిగినకొద్దీ అవగాహన తగ్గుతుందనీ, దానికి దొడ్డిదారి లేదనీ తేల్చినారు. మన కన్ను పంక్తి వెంట నీటివలె జారదు. కప్పవలె గెంతి, ఒక్కొక్కచోట సుమారు పావు సెకను ఆగుతుంది. మంచి చదువరి కన్ను కూడా పదింట ఒక గెంతు వెనుకకు వేస్తుంది. కనుక వెనుకకు పోయి మళ్లీ చదివే విద్యార్థిని గద్దించకండి. పెదవి కదిలినదనీ, వేలు పెట్టి చదువుతున్నాడనీ చిన్నబుచ్చడము కూడా అటువంటిదే. కష్టమైన భాగము వచ్చినప్పుడు పెద్దలు సైతము లోలోపల ఉచ్చరించుకొంటారు.

నిదానముగా చదవడములో ప్రాణాలు ఉన్న సందర్భాలు కూడా ఉంటాయి. పత్తి పండే నేలలో పురుగుమందు సీసా లేని ఇల్లు అరుదు. ఆ సీసామీద ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. దానితోబాటు చిన్న అక్షరాలతో ఒక కరపత్రము. ఎంత మందు, ఎంత నీరు, గాలి ఎటు ఉన్నప్పుడు చల్లవలె, చల్లిన ఎన్ని దినాలకు కోయవలె, ఒంటిమీద పడితే ఏమి చేయవలె, అన్నీ అందులోనే. అక్షరము రాని తండ్రి, బడికి పోయే కొడుకు చేత దానిని చదివించుకొంటాడు. అక్కడ గడగడ చదివి ఏమి ప్రయోజనము? ఎమ్మిగనూరులో నాడె చప్పుడు విని చీర కొనేవారు ఉండరు. పడుగూ పేకా పరీక్షించి కొంటారు.

అన్నట్లు, ఎమ్మిగనూరు మాట వచ్చినది గనుక చెబుతున్నాను. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘము స్థాపించినారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. సహకార సంఘమంటే నూలు, మగ్గము మాత్రమే కాదు. లెక్కల పుస్తకము, నిబంధనల కాగితము, అప్పు పత్రము కూడ. ఏమున్నదో తెలిసి సంతకము పెట్టే నేతగాడు నవలలు చదువకపోయినా నా దృష్టిలో మంచి చదువరియే. సాహిత్యము చదివితేనే చదువు అని మావంటి పత్రికా రచయితలు ప్రచారము చేసిన భ్రమ ఒకటి ఉన్నది, దానిని సడలించవలె. ఎన్ని పుస్తకాలు చదివినావని అడిగి సంఖ్యను బట్టి బహుమతులిచ్చే పద్ధతికి కూడా ఇదే సమాధానము.

మంచి చదువరికి సందేహాలు రావు అనేది మరొక అపోహ. 1979లో ఎలెన్ మార్క్‌మన్ పిల్లలకు ఒక వ్యాసము వినిపించినది. సముద్రపు అడుగున వెలుతురే లేదు, అక్కడి చేపలకు రంగులు కనబడవు అన్నది అందులో ఒక వాక్యము. ఆ చేపలు తమ ఆహారమును రంగును బట్టి గుర్తుపట్టుతాయి అన్నది మరొక వాక్యము. చాలమంది పిల్లలు రెండింటినీ హాయిగా మింగి, అంతా బోధపడినదన్నారు. విద్యార్థులారా, మీ చరిత్ర పాఠము తీసికొని ఈ ప్రయోగము చేసి చూడండి. చేయి ఎత్తి “ఇది పొసగలేదు సార్” అన్న ఒక్కడున్నాడే, మార్కులు తక్కువైనా వాడు చదువుతున్నాడు. వానిని తరగతిలో కూర్చోబెట్టడము ఉపాధ్యాయునికి కొంత శ్రమయే; నేను కాదనను.

2011 జనాభా లెక్కలలో నాటి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతము. ఉమ్మడి రాష్ట్రపు సగటు 67. ఆదోని చుట్టుపట్ల కోసిగి, కౌతాళము వైపు పల్లెలకు ‘సుగ్గి’ అనే మాట సుపరిచితము. అది కన్నడములో పంట కోతల కాలము; ఇక్కడ వలస. వానలు లేక పనులు ముగిసినప్పుడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకూ, పత్తి ఏరడానికీ తరలిపోతాయి. పిల్లలు కూడా పోతారు. వారికై వసతి గృహాలు నడిపినా అందరూ నిలువరు. తిరిగి వచ్చినవాడు వాచకము తెరిస్తే తడబడతాడు. ఆరు నెలల క్రితము కంటె వెనుకబడినాడని పుస్తకములో వ్రాసికొంటాము.

కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ జీవితము ధారపోసినారు. ప్రతి పాఠకునికి వాని పుస్తకము అన్నది 1931లో రంగనాథన్‌గారు చెప్పిన గ్రంథాలయ సూత్రాలలో ఒకటి. సుగ్గి నుంచి వచ్చిన పిల్లవానికి వాని పుస్తకమేది? గుంటూరు మిరప కల్లములో కాయను ఎట్లు ఆరబోస్తారో, టిక్కీలు ఎట్లు కుక్కుతారో, కూలి ఎట్లు లెక్కిస్తారో వాడు చెప్పగలడు. చెప్పించి, ఆ మాటలనే నల్లబల్లమీద వ్రాసి, వాని చేతనే చదివించిన ఉపాధ్యాయునికి ఆ మొదటి పాఠము కొరకు అచ్చు పుస్తకము కూడా అవసరము లేదు. రెండవ పాఠానికి కావలె. అది బడి అలమారలో తాళము వేసి ఉన్నది.