గతి తప్పిన బీటిలు

నీళ్లక్కఱలేని మోటారుబండిని గూర్చి వినియుందురు. జర్మనీలో 1938లోఁ బుట్టి మెక్సికోలో 2003 వఱకుఁ దయారైన ఫోక్స్‌వాగన్ బీటిలే యది. దాని యింజను వెనుక నుండును, రేడియేటరు లేదు, పంకాగాలియే చల్లార్చును. మా మేడిపల్లివంటి యూళ్లనుండి మెకానిక్కుకై కోరుట్లకో జగిత్యాలకో పోవలసిన యిండ్లలో నిట్టి పాతబండి యున్నచో దాని రోగలక్షణము లెఱిఁగియుండుట మేలు.

నాలుగు సిలిండర్లు ఒకటి, నాలుగు, మూడు, రెండు అను వరుసను మండినంతకాలము చప్పుడు తేటగీతివలె నడచును. ఒకటి మండనిచోఁ బాదము లోపించిన పద్యమే! బండి కుదుపును. ఇంజను మెల్లగాఁ దిరుగుచుండఁగా మెకానిక్కు రబ్బరుపిడి పట్టకారుతోఁ బ్లగ్గుతీఁగల నొక్కొక్కటిగాఁ దీసి చూచును. ఏది తీసినను చప్పుడు మాఱదో యదియే మండని సిలిండరు. మనము మాత్ర మా తీఁగలను ముట్టరాదు. వేలకొలఁది వోల్టుల విద్యుత్తది.

చల్లారిన పిదప నా ప్లగ్గును విప్పించి చూడుఁడు. పొగను జూచి కట్టె పచ్చిదని చెప్పు మనకిది కష్టము గాదు. లేఁత కాఫీరంగు మేలు. పొడిమసి యైనచోఁ బెట్రోలు హెచ్చినది. జిడ్డుమసి యైనచో నూనె చొచ్చినది. తెల్లఁబడినచో వేఁడి మితిమీఱినది. ప్లగ్గు బాగున్నచో పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరులు, చల్లని యింజనులో వాల్వుల సందు సామాన్యముగా 0.15 మిల్లీమీటరు లున్నవా యని కొలిపింపుఁడు.

మాకు వాల్వులను గూర్చియే యెక్కువ భయము. 1960లనాటి యింజనులలో నూనెను జల్లార్చు పెట్టె యడ్డుండుటచే మూఁడవ సిలిండరునకు గాలి తక్కువ. దాని యెగ్జాస్టు వాల్వు కాలి తల విఱిగి పడెనేని పిస్టను పగులును. గంటసేపటి పని యింజను మార్చువఱకుఁ బోవును. మా వేసవి యెండలలో నీ భయము మఱింత. కావున మూఁడవదానిని మొదటఁ జూపింపుఁడు; కుదుపు పోవువఱకు దూరప్రయాణము పెట్టుకొనకుఁడు.