ఎన్‌కౌంటర్ అన్నంత మాత్రాన కేసు అయిపోయినట్టు కాదబ్బా

రైల్వేకోడూరు, రాజంపేట పక్క పిల్లోళ్లకు ఎర్రచందనం గురించి నేను చెప్పేదేముంది. దుంగ దేశం దాటేకొద్దీ దాని రేటు పెరుగుతాది. మోసినోడికి మాత్రం కూలే. తుపాకీకి అడ్డం పడేది గూడా వాడే.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలంలోని శేషాచలం అడవిలో, రెండు చోట్ల, టాస్క్‌ఫోర్స్ పోలీసులు 20 మందిని కాల్చి చంపినారు. అందరూ తమిళనాడు కూలోళ్లే. తిరువణ్ణామలై, ధర్మపురి లాంటి జిల్లాల నుంచి వచ్చినోళ్లు. రాళ్లు, గొడ్డళ్లతో మా మీద పడినారు, పానం కాపాడుకునేదానికి కాల్చినాం అని పోలీసులు చెప్పినారు. తప్పించుకొని బయటపడినోళ్లు ఇంకోటి చెప్పినారు: మావోళ్లను ముందురోజే బస్సులోంచి దింపి పట్టకపోయినారు అని.

ఈ బస్సు మాట చిన్నది కాదు. పట్టుకున్నోడు పోలీసుల చేతిలో ఉన్నట్టు. చేతిలో ఉన్నోడు ఎదురుకాల్పుల్లో ఎట్లా చచ్చిపోతాడు? ఆత్మరక్షణ అనే మాట ఆడికే కూలిపోతాది. అట్లా చనిపోతే విచారణ జ్యుడీషియల్ మెజిస్ట్రేటే చేయాలని చట్టంలో ఉంది.

అసలు ఎన్‌కౌంటర్ అని మన శిక్షాస్మృతిలో ఒక సెక్షనే లేదు. మనిషిని చంపడం అని ఉంది, ఆత్మరక్షణ అని ఉంది. టీవీలో ఆ మాట చదివేసరికి మనోళ్లు కేసు తీర్పు వచ్చినట్టే అనుకుంటారు. స్మగ్లర్ కదా, పోతే పోనీ అని కామెంటు పెడతారు. మాను కొట్టినోడికి చట్టంలో ఉండేది జైలు.

ఆ 20 కుటుంబాల్లో ఒక కూలీ భార్య చంద్రగిరి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. దాని మీద హత్య కేసు కట్టాల్సి వచ్చింది. తిరువణ్ణామలై జిల్లా కుటుంబాలు కొన్ని శవాలను కాల్చకుండా మార్చురీలో పెట్టించి, మళ్లా పోస్టుమార్టం చేయాలని పట్టుబట్టినాయి. అప్పటి ఉమ్మడి హైకోర్టు ఒప్పుకుంది, ఆరు శవాలకు హైదరాబాద్ డాక్టర్లు మళ్లా చేసినారు. కూలి చేసుకొని బతికే ఇల్లు, ఇంట్లో ఏడుపు, ఊర్లో పెద్దమనుషులేమో చప్పున పని కానీండి అంటారు. ఆ ఒత్తిడిలో శవాన్ని ఆపడం ఎంత కష్టమో చావు చూసిన ఇంటోళ్లకు తెలుసు. కాల్చేసి ఉంటే రెండో పరీక్ష మాటే ఉండేది కాదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ తలా 5 లక్షలు మధ్యంతర పరిహారం ఇవ్వమనింది, సీబీఐ విచారణ కావాలనింది. రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకు పోయి దాన్ని ఆపించింది. దర్యాప్తుకు వేసిన సిట్ గూడా మన రాష్ట్ర పోలీసులదే. శిక్ష పడిన పోలీసు ఒక్కడూ లేడు.

చిత్రమేందంటే, శేషాచలానికి ఆర్నెల్ల ముందే, 2014 సెప్టెంబర్ 23న, సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఇట్లాంటి చావులకు రూల్స్ రాసి పెట్టింది. ఎఫ్ఐఆర్ కట్టి ఆలస్యం లేకుండా కోర్టుకు పంపాల. కాల్చిన స్టేషనోళ్లే దర్యాప్తు చేయగూడదు, సీఐడీ గానీ వేరే స్టేషన్ టీమ్ గానీ చేయాల. పోస్టుమార్టం జిల్లా ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాల, వీడియో తీయాల. కాల్చిన తుపాకులు పరీక్షకు అప్పజెప్పాల. మెజిస్ట్రేట్ విచారణ జరగాల. చనిపోయినోడి ఇంటికి వీలైనంత తొందరగా కబురు పోవాల. అనుమానం తీరేదాకా ఆ పోలీసులకు పతకాలు, అడ్డదారి ప్రమోషన్లు లేవు.

ఇవి జరగకపోతే ఇంటోళ్లు ఆ ప్రాంతపు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చని గూడా అందులోనే ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి తమ్ముళ్లారా, చానామందికి తెలీదు.

లాయరుకు డబ్బుల్లేవంటారా? కడపలో, కర్నూల్లో జిల్లా కోర్టుల దగ్గర న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా పెడతారు, ఫోన్ నంబరు 15100. పోయేటప్పుడు ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు నకలు చేతిలో ఉండాల. బస్సు టికెట్టు దొరికితే అది గూడా. మనిషి ఆఖరుసారి ఎవరికి ఫోన్ చేసినాడు, ఎన్ని గంటలకు అనేది ఆ దినమే ఒక కాయితం మీద రాసిపెట్టండి. ఫోన్‌లో ఉన్నదాన్ని తుడిచేయొద్దండి.