పాడైన స్వెట్టరు నేర్పిన పని

పోయిన చలికాలం మా ఇంట్లో ఓ ఘోరం జరిగిపోయింది. బాబు ఉన్ని స్వెట్టరు వాషింగ్ మెషీన్‌లో పడింది. అదీ వేడినీళ్ళలో! తీసి చూద్దును కదా, పదేళ్ళ పిల్లాడిది కాస్తా పసిపాపకు సరిపోయేంత అయింది. అట్టలా గట్టిపడింది కూడా.

అది మా అమ్మ అల్లిన ఆఖరి స్వెట్టరు. మావారికి ఢిల్లీ బదిలీ అయిందని తెలిసి, కళ్ళు సరిగా కనబడకపోయినా రెండు నెలలు కూర్చుని అల్లింది. నాలుగేళ్ళు వేసుకుంటాడని కాస్త పెద్దదిగానే అల్లింది. ఆ మరుసటేడు అమ్మ లేదు. ఎవరి మీద కోప్పడను? మెషీన్‌లో వేసింది నేనే!

తడిపి లాగాను, ఇస్త్రీ చేశాను. ఊహూఁ! పక్కింటి కాశ్మీరీ ఆవిడ చూసి, "మా ఊళ్ళో దీన్ని కావాలనే చేస్తాం" అంది. వాళ్ళ నమ్దా పరుపులు ఇలాంటివేనట. మన కురుమల గొంగడి అయితే ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి, మగ్గం మీద నేస్తారు. నమ్దాకు వడకడమూ లేదు, నేయడమూ లేదు. ఉన్ని పరచి, సబ్బునీళ్ళు చల్లి, చాపలో చుట్టి తొక్కడమే!

కారణం తెలిశాక ఆశ్చర్యపోయాను. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్ళు, సబ్బు తగిలితే అవి విచ్చుకుంటాయి. దానికి రాపిడి తోడైతే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు. దీన్నే ఫెల్టింగ్ అంటారు. సైబీరియా వైపు ఆల్టాయ్ కొండల్లో, పజిరిక్ అనే చోట 1949లో తవ్విన సమాధిలో ఫెల్టుతో చేసిన హంస బొమ్మలు దొరికాయి. రెండు వేల ఏళ్ళు దాటినా మంచులో చెక్కుచెదరలేదు. వాటిని రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో దాచారు. హంసే చేయగా లేంది, నేనో గిన్నె చేయలేనా అనిపించింది.

మొదటిసారి కొట్లో 'ఉలెన్' అని ఇచ్చింది తెచ్చి గంటసేపు రుద్దాను. చేతులు నొప్పి పుట్టాయే గానీ అది అతుక్కోలేదు. తీరా చూస్తే అది ఎక్రిలిక్! అందుకే కొనేముందు ఓ పోగు కాల్చి చూడండి. అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. ఎక్రిలిక్ అయితే కరిగి పూసలా గట్టిపడుతుంది.

కావలసినవి: ఏకిన గొర్రె ఉన్ని 40 గ్రాములు (మెరీనో అయితే సులువు), 30 సెంటీమీటర్ల గుండ్రటి ప్లాస్టిక్ షీటు ముక్క, పాత దోమతెర గుడ్డ, సబ్బు, చెయ్యి పట్టేంత వేడినీళ్ళు, వెదురు చాప, తువ్వాలు.

ప్లాస్టిక్ ముక్క మీద ఉన్నిని పల్చగా అడ్డంగా ఓ వరస, నిలువుగా ఓ వరస పరవాలి. ఇలా నాలుగు వరసలు. అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి ఉండాలి. దోమతెర కప్పి, సబ్బునీళ్ళు చల్లి, పసిపిల్లకు నూనె రాసినంత మెత్తగా రుద్దండి. తిరగేసి, అంచులు లోపలికి మడిచి, రెండోవైపూ అలాగే పరవండి. మొదట్లో తొందరపడి గట్టిగా రుద్దితే చిల్లులు పడతాయి. నాకు పడ్డాయి మరి!

చిటికెతో లాగినా పోగులు విడిగా లేవని స్థితి వచ్చాక చాపలో చుట్టి, అన్ని వైపుల నుంచీ చపాతీ కర్రలా దొర్లించాలి. తర్వాత ఒకవైపు నడిమధ్య గుండ్రంగా కత్తిరించి ప్లాస్టిక్ తీసేయండి. కోసిన అంచును సబ్బుతో రుద్దండి. ఇక మొహమాటం వద్దు. వేడినీళ్ళలో ముంచి, పిండి, సింకులో వేసి బాదండి. మూడో వంతు దాకా కుంచించుకుపోతుంది. అప్పుడే గిన్నె తన కాళ్ళ మీద నిలబడుతుంది. చల్లటి నీళ్ళలో జాడించి, చెంచాడు వెనిగర్ కలిపిన నీళ్ళలో ఓసారి ముంచి, తువ్వాలుతో అద్దండి. లోపల బెలూను ఊది పెట్టి నీడన ఆరబెడితే ఆ ఆకారమే నిలుస్తుంది.

గిన్నె కుదిరింది. కానీ అమ్మ స్వెట్టరు బీరువాలోనే ఉండిపోయింది. దానికి కత్తెర పెట్టాలంటే చెయ్యి రాలేదు. సంక్రాంతికి నాన్న వచ్చినప్పుడు చూపించి ఏడ్చేశాను. నాన్న దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని, "మీ అమ్మ పాత చీరనైనా పారేసిందా? బొంత కుట్టేది. నువ్వూ కత్తెర తియ్యి" అన్నారు.

తీశాను. ఫెల్టయిన గుడ్డ కత్తిరించినా పోగులు ఊడవు. చేతి భాగాన్ని వేడినీళ్ళలో తడిపి, ఓ పొడుగాటి గాజు సీసాకు సాగదీసి తొడిగాను. రెండు రోజులకు ఆరి, సీసాకు అతికినట్టు కూర్చుంది. అమ్మ వేసిన జడల అల్లిక లీలగా ఇంకా కనబడుతూనే ఉంది. నీళ్ళు పోసి నాలుగు బంతిపూలు పెట్టాను.

బడి నుంచి వచ్చిన బాబు దాన్ని తడిమి, "ఇది అమ్మమ్మ స్వెట్టరే కదూ!" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఇలా ముడుచుకుపోయిన అసలు ఉన్ని స్వెట్టరు ఏదైనా ఉంటే పారేయకండి. అది తిరిగి స్వెట్టరు కాదు, నిజమే. కానీ ఇంకోటి కావచ్చు.