వెలుతురు వేయు తాళము

రేడియోలో గాత్రకచేరి వినునపుడు గాయకుని చేయి మనకు కనబడదు. మా స్టూడియోలో అతడు తాళము వేయుచునే యుండును గాని మైకు దానిని చూడదు. అయినను లయ తెలిసిన శ్రోత అక్షరములు పడు తావులనుబట్టి తొడపై తాళము వేయగలడు. స్వరము దీర్ఘముగా సాగినచో చేయి కొంచెము తడబడును; తరువాతి అక్షరము వినగానే సర్దుకొనును. గాజుతీగలపై నడచు ఇంటర్నెట్టుకును ఈ విద్యయే ఆధారము.

2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభములపై ఇట్టి తీగలను వేయించినది. అందలి జీపాన్ పద్ధతిలో కేంద్రమునుండి ఇంటికి సెకనుకు సుమారు 248 కోట్ల 80 లక్షల సంకేతములు వచ్చును. వెలుగు హెచ్చిన ఒకటి, తగ్గిన సున్న. గాజులో ఒక్కొక్కదాని పొడవు 8 సెంటీమీటర్లు, అనగా బెత్తెడు. మార్కాపురపు పలక అడ్డకొలతకన్నను తక్కువ. నడుమ ఖాళీ లేదు. వెలుగు అట్లే నిలిచియున్నచో వచ్చినవి మూడు ఒకట్లా, నాలుగా? ఒక్కటి తప్పిన, వెనుకవన్నియు స్థానము తప్పును.

కనుక ఇంటిలోని పెట్టెయే లయను వెదకుకొనవలెను. 1975లో జె.డి.హెచ్. అలెగ్జాండర్ ప్రకటించిన ఉపాయము సులువైనది. వరుసగా వచ్చు రెండు సంకేతముల నడిమిని, వాటి సరిహద్దును చూడవలెను. రెండును వేరువేరై, సరిహద్దు మొదటిదానిని పోలినచో గడియారము ముందున్నది. రెండవదానిని పోలినచో వెనుకబడినది. ఎంత ముందో, ఎంత వెనుకో ఇది చెప్పదు. అది మాకు మొదట లోపముగా తోచినది. కాని సెకనుకు కోట్లసార్లు అడుగు ప్రశ్నకు జవాబు ముక్తసరిగా నున్నను చాలును. ఆ పోలిక చేయు డిజిటల్ సర్క్యూట్లు మిక్కిలి చిన్నవి.

రెండును ఒకటే యైనచో మాత్రము ఏమియు తెలియదు. అందువలన దీర్ఘమైన సున్నల వరుస ప్రమాదకరము. కేంద్రము నిర్ణీత సూత్రము చొప్పున సంకేతములను కలగాపులగము చేసి పంపును. పెట్టె వాటిని విడదీయును.

తిరుగుప్రయాణము ఇంకను కష్టము. నల్లమల అంచున గిద్దలూరు వైపు పల్లెలను తలచుకొనుడు. కేంద్రమునుండి ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క దూరమున నుండును. పలు ఇండ్లు ఒకే తీగపై వంతులవారీగ మాటలాడును; గొంతు మారినపుడెల్ల కేంద్రము తాళము క్రొత్తగా పట్టుకొనవలెను. పెట్టె తాను కేంద్రమునుండి గ్రహించిన కాలమానముతోనే బదులు పలుకును గనుక వేగము వెదకనక్కరలేదు. ఎత్తుగడ తెలిసిన చాలును. అందులకై మాటకు ముందు సుమారు 44 వట్టి సంకేతములు వచ్చును. వాటి నిడివి సెకనులో దాదాపు మూడు కోట్లవ వంతు. అంతలో కుదురుకొననిచో ఆ వంతున వచ్చిన మాట పోయినట్లే. అది రైతు దరఖాస్తు కావచ్చును, విద్యార్థి పరీక్షారుసుము కావచ్చును, మరల పంపవలసినదే.