తర్వాతేంటో... గదే చెబుతుంది!

'సార్, అయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?' 'టీచర్, ఇది రైటా తప్పా?' 'మేడమ్, పుల్లలు ఎక్కడున్నాయి?'

ప్రాథమిక పాఠశాలల్లో లెక్కల పీరియడ్ వచ్చిందంటే వినిపించే మాటలివే. ముప్ఫైమంది పిల్లలు తలా రెండుసార్లు అడిగితే చాలు, వాళ్లకు జవాబు చెప్పేసరికి గంట కొట్టేస్తారు. లెక్క నిజంగానే అర్థంకాక బిక్కమొహం వేసుకుని కూర్చున్న పిల్లాడి దగ్గరికి వెళ్లే తీరిక టీచరుకు దొరకదు. పిల్లలకేమో ఓ అలవాటు పడిపోతుంది. చేసింది ఒప్పో తప్పో ఎవరో ఒకరు చెబితే తప్ప నమ్మకం కుదరదు. లెక్కలంటే భయం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

మరి ఆ మూడు ప్రశ్నలకూ తరగతి గదే జవాబు చెబితే?

తాళం తీసిన బీరువా

ఇటలీకి చెందిన డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో పసిపిల్లల కోసం ఓ బడి తెరిచారు. ఆట వస్తువులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఓ రోజు ఆ తాళం వేయడం మర్చిపోయారట. టీచరు వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకుని పనిలో మునిగిపోయి ఉన్నారు! ఆ తర్వాత బీరువా స్థానంలో పిల్లల చేతికందే ఎత్తులో అరలు వచ్చాయి. ఎక్కడ తీసిన వస్తువును అక్కడే పెట్టడమూ పాఠంలో భాగమైంది.

ఆ అరల్లో లెక్కల కోసం పూసలుంటాయి. ఒక పూస ఒకటి. తీగకు గుచ్చిన పది పూసలు పది. అలాంటి పది తీగలు పక్కపక్కన పేరిస్తే వంద పలక. పది పలకలు ఒకదాని మీద ఒకటి పెడితే వెయ్యి దిమ్మె. వెయ్యి ఎంత పెద్దదో పిల్లలు చేత్తో ఎత్తి తెలుసుకుంటారు. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధం కారణంగా చాలా ఏళ్లు ఇక్కడే ఉండిపోయారు.

రిషివ్యాలీ నిచ్చెన

మాంటిస్సోరి సామగ్రి ఖరీదైనది. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతులూ ఉండే పల్లె బడుల మాటేమిటి? మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఆ చిక్కుముడినే విప్పింది. వై.ఎ.పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న చిన్న బడుల్లో ప్రయోగాలు చేస్తూ ఓ పద్ధతిని రూపొందించారు.

అందులో ప్రధానమైనది గోడకు వేలాడే 'నిచ్చెన'. లెక్కల పాఠాలన్నీ చిన్న చిన్న మెట్లుగా విడిపోయి వరసగా అందులో ఉంటాయి. ప్రతి మెట్టుకూ ఓ బొమ్మ, ఓ అంకె. అదే బొమ్మ ఉన్న ట్రేలోంచి ఆ అంకె ఉన్న కార్డు తెచ్చుకుంటే ఆ రోజు పని తెలిసిపోతుంది. కొత్త పాఠమైతే టీచరు పక్కన కూర్చోవాలి. కాస్త అలవాటైతే టీచరు అప్పుడప్పుడూ చూస్తే చాలు. సాధన అయితే తోటిపిల్లలతో, బాగా వచ్చేస్తే ఒంటరిగా. చాపలు అలా నాలుగు చోట్ల పరిచి ఉంటాయి. గోడ కింది భాగమంతా నల్లరంగు వేసి ఉంటే, కూర్చునే లెక్క చేసుకోవచ్చు.

వేరుశనగ కోతలప్పుడు పది రోజులు బడి మానేసిన పిల్ల సంగతే తీసుకోండి. మామూలు తరగతిలో ఆ పాటికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఇంక లెక్కలు తనవల్ల కావనుకుంటుంది. నిచ్చెన ఉన్న గదిలో మాత్రం ఎక్కడ ఆపిందో ఆ మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. బడి మానేయాలా వద్దా అన్నది ఒక్కోసారి ఇంత చిన్న విషయం మీదే ఆధారపడి ఉంటుంది!

తప్పు తానే పట్టుకుంటే...

ఇక మిగిలింది 'రైటా తప్పా?' అన్న ప్రశ్న. దానికి జవాబు పుల్లల్లో ఉంది. 43లోంచి 18 తీసెయ్యాలి. ఎనిమిదిలోంచి మూడు పోతే అయిదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు... 35 అని రాసేస్తారు చాలామంది పిల్లలు. టీచరు ఇంటూ కొడితే తప్పని తెలుస్తుందే కానీ ఎందుకు తప్పో తెలీదు. అదే, పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు ముందు పెట్టుకుంటే? మూడింటిలోంచి ఎనిమిది రావు. ఓ కట్ట విప్పాల్సిందే. అప్పుడు విడివి పదమూడు. ఎనిమిది తీస్తే అయిదు. మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీస్తే రెండు. జవాబు 25. సరిచూసుకోవడానికి 25కు 18 కలిపితే 43 రానే వచ్చింది. 35కు కలిపితే మాత్రం 53!

పుల్లలు, చింతపిక్కలు, రబ్బరు బ్యాండ్లు, కార్డు వెనక జవాబు... వీటికయ్యే ఖర్చెంతని?

కార్డులుంటే చాలదు

రిషివ్యాలీ బాటలోనే తమిళనాడు కూడా నడిచింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కార్డుల చదువు 2007 తర్వాత రాష్ట్రమంతటా ప్రభుత్వ బడులకు పాకింది. అయితే ఇందులో ఓ ప్రమాదమూ ఉంది. పిల్లలు యాంత్రికంగా ఒక్కో కార్డూ పూర్తిచేసుకుంటూ పోతే చదువు సాగినట్లే కనిపిస్తుంది, బుర్రకు మాత్రం ఏమీ ఎక్కదు. చిరిగిన కార్డుల స్థానంలో కొత్తవి పెట్టకపోయినా నిచ్చెన అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఈ గదిలో టీచరు పని తగ్గదు, మారుతుందంతే. బోర్డు దగ్గర నిలబడే టీచరు చాపల మధ్యకు వస్తారు. 'ఎలా చేశావో చెప్పు' అని అడుగుతారు. ఎవరు ఏ మెట్టు దగ్గర తడబడుతున్నారో రాసుకుంటారు.

ఇంట్లోనూ ఓ మూల

ఇది బడికే పరిమితం కానక్కర్లేదు. ఇంట్లో పిల్లల చేతికందేలా ఓ అర కేటాయించండి. చింతపిక్కల డబ్బా, కట్టలు కట్టిన పుల్లలు, స్కేలు, కొలత టేపు, పాత క్యాలెండరు, కాసిని చిల్లర నాణేలు పెట్టండి. ఏది ఎక్కడుండాలో డబ్బా మీద బొమ్మ అతికిస్తే సర్దుకోవడం వాళ్లకే వచ్చేస్తుంది. హోంవర్క్ చూపించి 'నాన్నా, రైటేనా?' అని అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి. 'నువ్వే సరిచూసి చెప్పు' అనండి. ఆ రెండు నిమిషాలూ ఓపిక పట్టడం పెద్దవాళ్లకే కష్టం. కానీ, తన లెక్క తానే సరిచూసుకోవడం వచ్చిన పిల్లలకు పరీక్ష హాల్లో పక్కన ఎవరూ లేకపోయినా బెంగ ఉండదు!