ట్రాముబండ్లును వాని కొట్టములును

విద్యుచ్ఛక్తితో నగరవీధుల నడచు ట్రాముబండిని పౌరులు కొనియాడుదురు గాని, ఆ బండి రాత్రి యెచ్చట విశ్రమించునో, దాని చక్రముల నెవ్వరు సరిచేయుదురో విచారించువారు కొలదిమంది. తేరునకు ఉత్సవము ఏడాది కొకమాఱు; ట్రామునకు నిత్యోత్సవమే. కావున దాని కొట్టమును గూర్చిన విచారము ముందుగా జరుగవలయును. ఈ విషయమున కలకత్తా చరిత్రము మనకు మంచి పాఠము చెప్పుచున్నది.

కలకత్తాలో 1873లో గుఱ్ఱపుట్రాములును, 1902లో విద్యుత్ట్రాములును ప్రారంభమయ్యెను. గుఱ్ఱములకు సాలయు, గడ్డియు, నీరును చాలును. విద్యుత్తు వచ్చుటతో కట్టడముల స్వరూపమే మాఱవలసివచ్చెను.

ట్రాముకొట్టమున వీధినుండి వచ్చిన పట్టాలు ప్రాంగణమున విసనకఱ్ఱవలె విడివడి పెక్కు వరుసలై లోనికి బోవును. ఒక బండి చెడి నిలిచినను తక్కిన వరుసలు సాగుటకే ఈ యేర్పాటు. మోటారులు, బ్రేకులు, ఇరుసులు బండి యడుగుననే యుండును గనుక, పట్టాల నడుమ మనుష్యుడు నిలిచి పనిచేయదగినంత లోతున గోతులు కట్టుదురు. ఆ గోతి యడుగు మురుగుకాలువ వైపునకు వాలియుండవలయును. ఆంధ్రులకు చిరపరిచితమగు చెన్నపట్టణమున 1895లో ట్రాములు వెలసినపుడు విద్యుద్వాహకమును వీధి నేలలోని కాలువయందే యమర్చిరి. వానకాలపు నీటిముందు ఆ యేర్పాటు నిలువలేదు, తీగెలను పైకెత్తవలసివచ్చెను. నేలక్రింద నీటికిని విద్యుత్తునకును పొత్తు కుదరదను ఆ నీతి కొట్టపు గోతులకును వర్తించును.

పైకప్పు ఎత్తుగా నుండవలయును. 550 వోల్టుల తీగె కొట్టములోనికిని వచ్చును గదా! పనివాడు బండిమీది కెక్కునపుడు ఆ వరుసకు మాత్రము విద్యుత్తు నాపు మీట వేఱుగా నుండుట ప్రాణరక్షణమునకు అత్యవసరము. పూర్వపు బండ్లు కొయ్యవి. ఒకదాని కంటిన నిప్పు క్షణములో వరుసయంతయు బ్రాకును. అందుచేతనే నడుమ నిటుకగోడలు పెట్టుట మంచి పద్ధతిగా నెంచబడెను.

దినదిన పరీక్షకు కొట్టము చాలును. బండిని చక్రములనుండి పైకెత్తుటకు, అరిగిన చక్రమును చిత్రికపట్టుటకు, మోటారునకు తీగె చుట్టుటకు పెద్ద కార్ఖానా కావలయును. కలకత్తాలో నోనాపుకూరు కార్ఖానా అట్టిది. అచ్చట మరమ్మతులే గాక నూతనముగ బండ్లనుగూడ నిర్మించిరి. కంపెనీ 1880లో లండనులో స్థాపితమైనది. లాభమును చాలకాలము అచ్చటికే పోయెను. 1967లో నిర్వాహము, 1976లో స్వామ్యము ప్రభుత్వము వశమయ్యెను. విదేశీయులు తొలగినను ట్రాము నిలువకుండుటకు కారణమేమి? పనివారి చేతినైపుణ్యము ఈ దేశముననే నిలిచెను. బండి కొనినంత మాత్రమున స్వాతంత్ర్యము రాదు. దానిని బాగుచేయ నేర్చినపుడే వచ్చును.

అయినను నగరమున నేలధర పెరిగినకొలది, కొట్టపుస్థలము ఊరక పడియున్నట్లు పాలకులకు దోచును. 2010 దశకమున కలకత్తాలోని కొన్ని కొట్టముల స్థలములను భవననిర్మాతల కిచ్చు యత్నములు జరిగెను. 2024 సెప్టెంబరులో మైదానము, ఎస్ప్లనేడుల నడుమ మార్గము దక్క తక్కిన ట్రాముల నిలిపివేయుదుమని రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. వీధుల యిఱుకుదనమును వారు కారణముగా జెప్పిరి. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని కొట్టము తఱిగిన బండ్లు తఱుగును; బండ్లు తఱిగిన ప్రయాణికులు తొలగుదురు; ప్రయాణికులు తొలగిన పిమ్మట ట్రాము నిష్ప్రయోజనమనుట సులభము. గొడ్లసావడి నమ్మి యెడ్లను మేపుదునను రైతును మన గ్రామములం దెవ్వరు మెచ్చుకొందురు?

ఏ నగరమైనను మరల ట్రాములు నడప సంకల్పించునెడల, పట్టాలు పఱచుటకు ముందే కొట్టమునకు స్థలమును, కార్ఖానాకు పనివారిని సిద్ధపఱచుకొనవలయునని మా దృఢాభిప్రాయము. ఒకసారి విడిచిన స్థలము నగరమధ్యమున మరల దొరకదు. ఒకసారి చెదరిన పనివారి నేర్పు అంతకంటెను దొరకదు.