అజెరాత్ ఎప్పుడు కార్టూన్ అయింది?

2004 నవంబర్ 23న అమెరికాలో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను జనం ఇప్పటికీ నెలనెలా డబ్బు కట్టి ఆడుతున్నారు. అజెరాత్ అనే కల్పిత లోకం, అందులో అలయన్స్, హోర్డ్ అనే రెండు పక్షాలు, మధ్యలో మంత్రాలు, రాక్షసులు, డ్రాగన్లు. రెండేళ్లకో ఎక్స్‌పాన్షన్ వచ్చి కొత్త ఖండాన్నో, కొత్త జాతినో చేరుస్తుంది. దాని వెంటే పాత తగవూ వచ్చేస్తుంది. "ఇది మనం ఆడిన ఆట కాదు. అప్పట్లో ఎంత గంభీరంగా ఉండేది! ఇప్పుడు చిన్నపిల్లల కార్టూన్ చేసి పెట్టారు." అనేవాళ్ల బాధ ఉత్తది కాదు, ఆట నిజంగానే మారింది. ఏం మారింది, ఎప్పుడు మారింది అని అడిగితే మాత్రం చాలామంది చెప్పే లెక్క తప్పు.

అపోహ: మొదట్లో సీరియస్‌గా ఉండేది, కార్టూన్ తీరు తర్వాత వచ్చింది.

వాస్తవం: కార్టూన్ అనే వెక్కిరింత ఆట కంటే ముందే పుట్టింది. అదే 2004 నవంబర్‌లో, రెండు వారాల ముందు, ఎవర్‌క్వెస్ట్ 2 విడుదలైంది. మనుషులు మనుషుల్లాగే, లోహం లోహంలాగే కనిపించాలన్నది దాని పంతం. అది సాఫీగా నడవాలంటే ఖరీదైన కంప్యూటర్ కావాలి. పక్కన పెట్టి చూస్తే వార్‌క్రాఫ్ట్ బొమ్మల పుస్తకంలా ఉండేది. కానీ ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద నడిచేది. ఆ ఏడు ఎవరు గెలిచారో అందరికీ తెలుసు.

ఆ తీరుకి మూలం ఇంకో పదేళ్లు వెనక్కి, 1994 నాటి వార్‌క్రాఫ్ట్: ఓర్క్స్ అండ్ హ్యూమన్స్‌లో ఉంది. ఈ ఆటలు తయారుచేసే సంస్థ బ్లిజార్డ్‌లో అప్పటి చిత్రకారుల చేయి టీవీకి తగిలించుకునే వీడియో గేముల మీద తిరిగింది. కొన్ని రంగులతోనే బొమ్మ తెర మీద ప్రస్ఫుటంగా కనబడాలన్నది అక్కడి అలవాటు. సంస్థ స్థాపకుల్లో ఒకరైన అలెన్ ఆడమ్, ఆర్టిస్టులు చీకటి గదుల్లో కాకుండా లైట్లు వేసుకునే పనిచేయాలని పట్టుబట్టేవాడని ఆ ఆట ప్రోగ్రామర్ ప్యాట్రిక్ వ్యాట్ తర్వాత రాసుకున్నాడు. మామూలు జనం లైట్లు వేసుకునే ఆడతారు కదా అన్నది ఆయన వాదన. ఆ ముదురు పచ్చలు, ఎర్రలు అక్కడి నుంచి వచ్చినవే.

2002లో వార్‌క్రాఫ్ట్ 3 వచ్చేసరికి ఇంకో అవసరం తోడైంది. ఆ ఆటలో సైన్యాన్ని పైనుంచి చూస్తాం. ముఖాలు కనబడవు. ఎవరు ఎవరో క్షణంలో పోల్చుకోవాలంటే భుజాలు, పిడికిళ్లు, గొడ్డళ్లు పెద్దవి కావాలి. బ్లిజార్డ్ చిత్రకారుడు శామ్‌వైజ్ డిడియర్ చేతిలో ఆ అతిశయమే వార్‌క్రాఫ్ట్ సంతకమైంది. ఈ రోజుకీ ఎగతాళికి గురయ్యే ఆ గుమ్మడికాయంత భుజకవచాలు, కెమెరా నేలకు దిగాక కూడా వదలని పాత అలవాటన్నమాట.

అపోహ: హాస్యం, వెకిలితనం ఈమధ్యే చొరబడ్డాయి.

వాస్తవం: పాత వార్‌క్రాఫ్ట్ ఆటల్లోనే సైనికుడి మీద పదేపదే క్లిక్ చేస్తే విసుక్కునేవాడు. గొర్రె మీద క్లిక్ చేస్తే పేలిపోయేది. 2004 నాటి అజెరాత్‌లోనే ఉన్‌గోరో లోయ ఉంది. డైనోసార్లు తిరిగే ఆ లోయలో లారియన్, ముయిగిన్ అని ఇద్దరు కనబడతారు. మారియో, లుయిజీల పేర్ల మొదటి అక్షరాలు తారుమారు చేసి చూడండి. అక్కడే లింకెన్ అనే ఇంకొకడు, జెల్డా ఆటల హీరోకి పేరడీ. 2007లో ద బర్నింగ్ క్రుసేడ్ వచ్చినప్పుడు డ్రెనై జాతి ఏకంగా అంతరిక్ష నౌకలో దిగింది. హ్యారిస్ పిల్టన్ అనే సంచుల వ్యాపారి ఆ ఎక్స్‌పాన్షన్‌లోనే కొలువుదీరింది.

అన్నిటికంటే చీకటిదని అందరూ తలచుకునేది 2008 నాటి రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్. తండ్రిని చంపిన యువరాజు ఆర్థాస్ కథ కదా, నిజమే. కానీ ఆ కథ నడిచే మంచుఖండంలోనే, గ్రిజ్లీ హిల్స్ అడవిలో, మీకు మరుగుదొడ్డికి సంబంధించిన ఒక పని అప్పగిస్తారు. వివరాలు ఇక్కడ రాయను. ఏడుపు పక్కన మోటు నవ్వు మన తోలుబొమ్మలాటకు కొత్తా? యుద్ధకాండ నడుమ కేతిగాడు, బంగారక్క దూకినా రావణుడి బరువు తగ్గలేదు. ఆర్థాస్ బరువూ అంతే. మన జ్ఞాపకం ఆర్థాస్‌ను దాచుకుని మరుగుదొడ్డిని పారేసింది.

అపోహ: పాండాలను తెచ్చింది చైనా కోసం. ఆట కొంప ముంచిందీ వాళ్లే.

వాస్తవం: ఇది రెండు అపోహలు కలిసిన ముద్ద. మొదటి సగం చూద్దాం. పాండరెన్ అనే ఈ పాండా జాతి డిడియర్ గీతల్లో పుట్టింది. 2002లో ఏప్రిల్ ఫూల్ సరదాగా బయటికొచ్చింది. అభిమానులు సరదాగా తీసుకోలేదు, నిజంగానే కావాలన్నారు. 2003లో వార్‌క్రాఫ్ట్ 3 అనుబంధం ద ఫ్రోజెన్ థ్రోన్‌లో చెన్ స్టార్మ్‌స్టౌట్ అనే పాండా యోధుడు దిగాడు. అంటే ఈ ఆన్‌లైన్ ఆట పుట్టకముందే. చైనా మార్కెట్ మీద కంపెనీకి కన్ను లేదని ఎవరూ అనరు. కానీ అక్కడి ప్రభావం నిజంగా కనబడింది పాండాల్లో కాదు, ఎముకల్లో. 2007లో చైనా వెర్షన్‌లో అన్‌డెడ్ పాత్రల బయటికి పొడుచుకొచ్చిన ఎముకలను మాంసంతో కప్పేశారు.

రెండో సగానికి అంకెలు చాలు. 2010 అక్టోబర్‌లో చందాదారులు 1 కోటి 20 లక్షలు, అదే శిఖరం. 2012 జూన్ చివరికి 91 లక్షలు. పాండాల ఎక్స్‌పాన్షన్ మిస్ట్స్ ఆఫ్ పాండారియా వచ్చింది 2012 సెప్టెంబర్‌లో. అంటే పాండాలు రాకముందే దాదాపు 30 లక్షల మంది వెళ్లిపోయారు. పాండారియాతో సంఖ్య మళ్లీ కోటి దాటింది, ఆపైన తగ్గింది.

అసలు చూడాల్సింది దాని తర్వాతిది. పాండాలు పిల్లచేష్ట అన్నవాళ్ల కోసమే చేసినట్టుగా 2014 నవంబర్‌లో వార్లార్డ్స్ ఆఫ్ డ్రెనార్ వచ్చింది. ఇనుము, రక్తం, కరకు ఓర్క్ సేనలు. తొలి రోజుల్లో మళ్లీ కోటి దాటింది. 2015 మార్చి చివరికి 71 లక్షలు, జూన్ చివరికి 56 లక్షలు. ఆ ఏడాదే కంపెనీ చందాదారుల లెక్క చెప్పడం మానేసింది. ఆడేవాళ్లు వెళ్లింది బొమ్మల రంగు చూసి కాదు, చేయడానికి పని లేక. ఒక పెద్ద అప్‌డేట్‌కీ ఇంకోదానికీ మధ్య నెలల తరబడి ఖాళీ.

ఇంకోమాట. లేతగా ఉందని తిట్టిన పాండారియా కథ థెరమోర్ నగరాన్ని బాంబుతో బూడిద చేయడంతో మొదలై, ఓర్క్‌ల రాజధానిని ముట్టడించడంతో ముగుస్తుంది. వెదురు తోపులు చూసినవాళ్లు బూడిద చూడలేదు.

అపోహ: గ్రాఫిక్స్ బాగుపడితే తీరు మారినట్టే.

వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. నాకు తెలిసి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తీరు గురించి కాదు, ముఖాల గురించి.

2004లో కంప్యూటర్ మోయగలిగే పాలిగన్లు, అంటే రూపాన్ని కట్టే చిన్న చిన్న పలకలు, తక్కువ. కాబట్టి రూపాన్ని కాక దాని మీద చుట్టే టెక్స్చర్‌ను చేత్తో చిత్రించేవారు. వెలుగునీడలు కూడా ఆ బొమ్మలోనే. దీపం ఎటున్నా గోడ మీది రాళ్ల సందుల నీడ కదిలేది కాదు. ముఖమూ అంతే: కళ్లు, పెదవులు దాదాపు అతికించిన బొమ్మ. కథంతా ఒక చిన్న పెట్టెలో అక్షరాలుగా వచ్చేది, సగం మంది చదవకుండానే 'అంగీకరిస్తున్నా' నొక్కేసేవారు. కోపం, విషాదం, భయం ఆడేవాడు తన మనసులో తానే నింపుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు నింపుకుంటే అది గంభీరంగానే ఉంటుంది మరి.

2008లో, రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్‌లో, రాత్‌గేట్ అనే సన్నివేశం వచ్చింది. ఆట నడుమ చిన్న సినిమా నడిచింది. అప్పటి నుంచి కథ అక్షరాల నుంచి తెరకు జారింది. 2014లో పాత జాతుల బొమ్మలన్నిటినీ కొత్తగా కట్టారు, బ్లడ్ ఎల్ఫ్‌లకు మరుసటేడు. పాలిగన్లు పెరిగాయి, ముఖాన్ని కదిలించే కీళ్లు పెరిగాయి. నిష్పత్తులు అవే, భుజాలు అవే, చేతి చిత్రణా అదే. కానీ కనుబొమ్మ లేచింది, పెదవి వణికింది. దాంతో "ఇది నా పాత్ర ముఖం కాదు" అని గోల మొదలైంది. ఆ గోలలో న్యాయముంది. పదేళ్లు తాను ఊహించుకున్న ముఖాన్ని ఇంకొకరు గీసిచ్చారు. పెద్ద కళ్లు, కదిలే ముఖం, మెత్తని వెలుగు కలిస్తే యానిమేషన్ సినిమా గుర్తుకు రాక ఏం చేస్తుంది?

కథ స్వరం మారలేదని మాత్రం అనను. 2022 నాటి డ్రాగన్‌ఫ్లైట్‌లో డ్రాగన్ల ఇంటి తగవులు తీర్చాలి, టస్కార్ అనే జాతి పల్లెలో ఊరంతా కలిసి సూప్ వండాలి. పక్షాల మధ్య మహాయుద్ధం లేదు. చాలామందికి చప్పగా అనిపించింది, నాకు ఆ సూప్ నచ్చింది. 2024లో ద వార్ వితిన్ మొదట్లోనే డలరాన్ నగరాన్ని కూల్చేశారు. ఆటగాళ్లను నేల కిందికి, సాలీడు జాతి నెరూబియన్ల రాజ్యంలోకి దింపారు. సాలీళ్లంటే భయపడేవాళ్లకు వాటిని పీతలుగా చూపించే సెట్టింగూ పెట్టారు. ఒక ఎక్స్‌పాన్షన్ లేత, తర్వాతిది ముదురు. గడియారం లోలకంలా ఊగుతోంది తప్ప ఒకే దిక్కుకి జారడం లేదు.

అపోహ: కోర్టు కేసు భయంతోనే అంతా మెత్తబడింది.

వాస్తవం: 2021 జులైలో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద, మహిళా ఉద్యోగుల పట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో, దావా వేసిన మాట నిజం. ఆ తర్వాత ఆటలో కొన్ని పాత జోకులు తీసేశారు, ఒక స్త్రీ చిత్రపటం ఉన్నచోట పండ్ల పళ్లెం వేలాడదీశారు. పళ్లెం ముచ్చట నవ్వు తెప్పించేదే. కానీ అవి మూలమూలల సవరణలు. ముఖాలు మారింది అంతకు ఏడేళ్ల ముందు.

అపోహ: క్లాసిక్ గెలుపు పాత బొమ్మల గెలుపు.

వాస్తవం: 2019 ఆగస్టులో వచ్చిన క్లాసిక్‌ను, అంటే తొలినాళ్ల ఆటను మళ్లీ తెచ్చిన వెర్షన్‌ను, పాత కోడ్‌తో నడపలేదు. ఆధునిక ఇంజిన్‌లో పాత 1.12 వెర్షన్ డేటాను పోసి నడిపారు. దాని కోసం వచ్చినవాళ్లు పాలిగన్లు తక్కువని వచ్చారంటే నమ్మను. గుర్రం కొనడానికి వారాలు పట్టే నిదానం, దారిలో అపరిచితుల సాయం అడగక తప్పని ఇబ్బంది, ఇవి వాళ్లను లాక్కొచ్చాయి. క్లాసిక్ అక్కడే ఆగలేదు, ఎక్స్‌పాన్షన్లను ఒక్కొక్కటే వరసగా మళ్లీ విడుదల చేస్తూ వచ్చింది. 2025 జులైలో ఆ వరస మిస్ట్స్ ఆఫ్ పాండారియాకు చేరింది. ఇప్పుడు పాండాలు కూడా అధికారికంగా 'క్లాసిక్'.